కొత్త ఊరు – పాత మిత్రుడు
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. టికెట్ల కిటికీ వెనుక కూర్చుని "ఎక్కడికి? ఎన్ని?" అని అడగడమే నాకు అలవాటు. అంతకుమించి ఒక్కమాట ఎక్కువ మాట్లాడినా వరుసలో నిలబడ్డవాళ్ళు ఊరుకోరు. చదువు చూస్తే పదవ తరగతితో ఆగిపోయింది. అటువంటి నన్ను మన కార్యదర్శిగారు పట్టుకుని, "నీవు ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చినవాడివి, చూచినవి చూచినట్టు నాలుగు మాటలు చెప్పు" అన్నారు. చూచినవాటితోపాటు ఒక బాకీ సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. ఆ బాకీ కోసమే ఒప్పుకున్నాను.

మాది హిందూపురం. మా నాయన రైల్వేలో గ్యాంగుమన్. ఆయన ఉద్యోగంలో ఉండగానే పోయినందువల్ల ఆ ఆధారంమీద నాకు పని ఇచ్చినారు. మొదట పాయింట్స్‌మన్‌గా జెండాలు పట్టుకున్నాను. తరువాత శాఖా పరీక్ష వ్రాసి గుమాస్తానైనాను. ఏడాదిన్నర క్రితం బంగారపేటకు బదిలీ అయింది. ఊరిపేరు వినగానే మా ఇంటావిడ సంబరపడింది. తీరా చూస్తే దీని పాతపేరు బౌరింగుపేట అట. మైసూరు రాజ్యానికి కమిషనరుగా ఉండిన బౌరింగు దొర పేరది. బంగారమంతా ఇక్కడికి పది మైళ్ళ అవతల, భూమి అడుగున.

సెలవు దొరికినప్పుడల్లా ఇంటివాళ్ళతో ఒక్కొక్క చోటు చూచినాము. కోలారులో కోలారమ్మ గుడి, సోమేశ్వరుని గుడి, అంతరగంగ కొండ, ములబాగిలు ఆంజనేయస్వామి, కురుడుమలె వినాయకుడు, సీతమ్మవారు లవకుశులను కన్నచోటని చెప్పుకునే ఆవని, కమ్మసంద్రలో 108 అడుగుల శివలింగం. ఎక్కడికి పోయినా తెలుగు వినిపించింది. ములబాగిలు, శ్రీనివాసపురం వైపు పల్లెల్లో చాలా ఇళ్ళలో తెలుగే ఇంటిభాష. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా విడిపోయేదాకా ఈ జిల్లాలోనే ఉండిన కైవారంలో యోగి నారేయణులు తెలుగులోను, కన్నడంలోను కీర్తనలు కట్టినారు. కాబట్టి పరాయిచోటికి వచ్చినామన్న బెంగ మాకు తొందరగానే పోయింది.

ఇన్ని చూచినానుగాని బంగారు గనులవైపు మాత్రం పోలేదు. 2018లోను, 2022లోను వచ్చిన సినిమాలు చూచి, ఆ గనులను గూర్చి నాకు అంతా తెలుసుననుకున్నాను.

ఒకనాడు మధ్యాహ్నం కిటికీ అవతలనుంచి "హిందూపురానికి ఒకటి" అన్నమాట వినిపించింది. సొంత ఊరిపేరు వింటే తల ఎత్తకుండా ఉండగలమా? ఎత్తి చూచినాను. ముందువైపు జుట్టు పలచబడి, కళ్ళజోడు పెట్టుకున్న మనిషి. నాకు గుర్తు రాలేదు. వాడే ముందు పోల్చుకున్నాడు. "ఏమప్పా, ఆ కిటికీలో కూర్చుంటే మనుషులు కనపడరా?" అన్నాడు. ఆ గొంతు విన్న తరువాత ఇక అనుమానం లేదు. మా బడిలో ఆరునుంచి పదవ తరగతిదాకా నా పక్కన ఒకే బెంచీమీద కూర్చున్నవాడు. చూచి దాదాపు ఇరవై ఏళ్ళు.

అయ్యా, నిజం చెబుతున్నాను. వాణ్ణి చూడగానే నాకు ముందు కలిగినది భయం. సంతోషం తరువాత వచ్చింది. ఎందుకో చెబుతాను.

ఈలోగా వరుసలోనుంచి ఒక పెద్దమనిషి, "స్వామీ, చుట్టరికాలు తరువాత కలుపుకోండి, మా బండి వస్తూ ఉంది" అని కేక వేసినాడు. టికెట్టు, చిల్లర ఇచ్చినాను. వాళ్ళ మామగారి సంవత్సరీకానికి పోతున్నాడట. "వచ్చే ఆదివారం మా ఇంటికి రా. మా ఊరు చూపిస్తా" అని చీటీమీద నంబరు వ్రాసిచ్చి పోయినాడు.

మా స్నేహం సంగతి కొంచెం చెప్పాలి. వాళ్ళ నాయన ఛాంపియన్ రీఫ్ గనిలో లోపలి పని చేసినవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి. ఆ వేసవిలో వాళ్ళు హిందూపురంలో ఉన్న మేనమామ పంచన చేరినారు. మిత్రుడు మా బడిలో ఆరవ తరగతిలో చేరినాడు. వాడి తెలుగులో అరవం, కన్నడం కలిసి ఉండేవి. మాకు నవ్వులాట. వాడికి "బంగారం" అని పేరు పెట్టినవాణ్ణి నేనే. "బంగారం, చెప్పులు కొనుక్కోలేదేమిరా? జేబులో ఒక ముద్ద తెచ్చుకోలేకపోయినావా?" అనేవాణ్ణి. వాళ్ళ నాయన ఒక మిల్లులో రాత్రి కాపలాకు కుదిరినాడు. ఒకసారి ఆయన్ను కూడా, "మామా, ఎంత దాచినావు?" అని అడిగినాను. ఆయన కోపగించుకోలేదు. కాయలు కాచిన రెండు చేతులూ చాచి, "ఇదిగో నాయనా, ఇంతే" అని నవ్వినాడు. పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి, నేనూ నవ్వినాను.

పదవ తరగతి పరీక్ష ఫీజు కట్టవలసిన సమయానికి మా నాయన జబ్బుపడి సెలవులో ఉన్నాడు. ఇంట్లో దమ్మిడీ లేదు. ఆఖరు రోజున మిత్రుడు డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టి, "మా మామ ఇచ్చినాడు, నిదానంగా ఇవ్వు" అన్నాడు. ఫీజు కట్టినాను, పరీక్ష వ్రాసినాను. 2006 వేసవిలో వాళ్ళ నాయన జ్వరంతో నాలుగు రోజులు పడుండి కాలం చేసినాడు. నేను పలకరించడానికి పోలేదు. పోతే ఆ డబ్బు ఇవ్వవలసి వస్తుందని, చేతిలో లేదని సిగ్గుపడి, వాళ్ళ వీధివైపు పోవడమే మానుకున్నాను. నెల తిరక్కుండానే వాళ్ళు ఊరు విడిచిపోయినారు. ఆ తరువాత ఉద్యోగం వచ్చింది, జీతం వచ్చింది, పెళ్ళయింది. వెతికితే దొరకనివాళ్ళు కారు. నేను వెతకలేదు.

ఆదివారం ఉదయం మారికుప్పం బండి ఎక్కినాను. ఆ శాఖామార్గం 1894లో వేసినది. పొడవు 16 కిలోమీటర్లు. కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం అని స్టేషన్లు వస్తాయి. రైల్వేవాణ్ణిగనుక ఆ పేర్లు రోజూ టికెట్లమీద చూస్తూనే ఉన్నాను. వాటిలో కొన్ని గనుల పేర్లన్న సంగతి మాత్రం ఆనాడు మిత్రుడు చెబితేనే తెలిసింది.

వాడు ఛాంపియన్ స్టేషనులో నిలబడి ఉన్నాడు. దిగగానే నేను, "సినిమాలో చూపించిన కొండలు ముందు చూద్దాం" అన్నాను. వాడు, "అవి యాడికీ పోవులే, సాయంత్రం చూపిస్తా. ముందు బావి చూడు" అన్నాడు. బావి అంటే గనిలోకి దిగే షాఫ్టు. కంచె అవతల ఎత్తయిన ఇనుపచట్రం, దానిమీద తుప్పుపట్టిన చక్రం కనిపించినాయి. లోపలికి పోనివ్వరు. కంచె ఇవతల ఒక వేపచెట్టు నీడలో నిలబడి వాడు చెబుతూ ఉంటే నేను విన్నాను.

పాతకాలంలోనే ఇక్కడ మనుషులు మట్టి కడిగి బంగారం తీసేవారట. 1804లో వారెన్ అనే సైనికాధికారి దానిని గూర్చి వ్రాసిన వ్రాత చాలా ఏళ్ళ తరువాత లావెల్ అనే ఐరిష్ సిపాయి కంటబడింది. ఆయన 1870వ దశకంలో మైసూరు ప్రభుత్వంనుంచి తవ్వకానికి అనుమతి సంపాదించినాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగిన తరువాత పని పుంజుకున్నది. 1902లో కావేరినదిమీద శివనసముద్రంనుంచి 90 మైళ్ళకు పైగా తీగలు లాగి గనులకు విద్యుత్తు తెచ్చినారు. బెంగుళూరు వీధుల్లో ఆ దీపాలు వెలిగినది 1905లో. "మహానగరం కంటే మూడేళ్ళు ముందు మాకు కరెంటు వచ్చిందప్పా" అని మిత్రుడు గొప్పగా అన్నాడు. వెంటనే, "గనికి వచ్చింది. మా అవ్వ ఇంట్లో ఆమె ముసలిదయ్యేదాకా బుడ్డీదీపమే" అన్నాడు.

ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతు. ప్రపంచంలోని మిక్కిలి లోతైన గనులలో అది ఒకటి. మనం బావి లోతును మట్లతో కొలుస్తాం. ఇది మన పెనుకొండ వంటి కొండలు నాలుగైదు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా పూడని లోతు. క్రిందికి పోయేకొద్దీ రాయి వేడెక్కుతుంది. అట్టడుగున ఆ వేడి 60 డిగ్రీలు దాటేది. పైనుంచి చల్లగాలి పంపితేగాని మనిషి నిలవలేడు. రాయి తవ్వితీసిన చోట మిగిలిన రాతిమీద బరువుపడి, ఒక్కొక్కసారి అది బాంబులాగా పేలేది. ఆ అదురు పైన ఇళ్ళదాకా తెలిసేది.

ఇంకొక సంగతి విని ఆశ్చర్యపోయినాను. ఈ గనిలోనే 1965లో టాటా పరిశోధన సంస్థవారు జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయాలవారితో కలిసి ఒక పెద్ద పరిశోధన చేసినారు. ఆకాశంనుంచి వచ్చే కిరణాలవల్ల గాలిలో పుట్టే న్యూట్రినో అనే అణువుకంటే చిన్న కణం జాడను రెండు కిలోమీటర్లకు పైగా లోతున పట్టుకున్నారు. తక్కిన కిరణాలను పైనున్న రాయి ఆపేస్తుంది. ఈ కణం మాత్రం భూమినైనా దూసుకుపోతుంది. అందుకని అంత లోతుకు దిగినారు. విద్వాంసులు దిగినదీ, కూలీలు దిగినదీ ఆ గనిలోకే. ఆకాశంలో పుట్టినదానిని పాతాళంలో వెతికినారని మా బడిలో ఎవరైనా చెప్పి ఉంటే, మిత్రుణ్ణి నేను ఆ పేరు పెట్టి ఎగతాళి చేసి ఉండేవాణ్ణి కానేమో.

అక్కడనుంచి రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టుకు పోయినాము. అక్కడి బేరాలు వినడం ఒక వేడుక. ఒకామె అరవంలో ధర అడిగితే, అంగడివాడు తెలుగులో చెప్పినాడు. పక్కనున్నాయన ఉర్దూలో నవ్వినాడు. చిల్లర లెక్క కన్నడంలో తేలింది. చిత్తూరు సీమనుంచి, ఉత్తర ఆర్కాటునుంచి కరువుకు తాళలేక వచ్చిన బీదజనం చేతులమీద లేచిన ఊరిది. దొరలకోసం క్లబ్బులు, బంగళాలు, చర్చీలు. కూలీలకోసం వరుస ఇళ్ళు. ఆ వరుసలను ఇప్పటికీ "లైన్లు" అనే అంటారు. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకున్నది. 1962లో అవి కేంద్రం చేతికి పోయినాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. ఆఖరి రోజులకు టన్ను రాయి పిండిచేస్తే దొరికేది మూడు నాలుగు గ్రాములు. ఖర్చు మాత్రం లోతుతోపాటు పెరిగింది. 120 ఏళ్ళలో సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చిన గనులు అట్లా ఆగినాయి. మా అనంతపురం సీమలోని రామగిరి బంగారు గనికీ అదే గతి పట్టింది.

మధ్యాహ్నం భోజనానికి వాళ్ళ ఇంటికి పోయినాము. లైన్లలో రెండు గదుల ఇల్లు. వాళ్ళ అవ్వ చివరిదాకా పట్టుకుని ఉన్నది. హిందూపురంనుంచి తిరిగివచ్చి వీళ్ళు అందులోనే చేరినారు. మిత్రుడు బెంగుళూరులో ఒక కర్మాగారంలో పని చేస్తున్నాడు. తెల్లవారకముందే బండి ఎక్కితే, ఇల్లు చేరేసరికి రాత్రి. వాడి పిల్లలకు నాన్న మేలుకుని కనిపించేది ఆదివారమే. ఈ ఊరినుంచి వేలమంది బ్రతుకు ఇట్లాగే సాగుతున్నది. మన కిటికీలో సీజను టికెట్టు ఇచ్చేటప్పుడు ఆ నెలరోజుల వెనుక ఎన్ని ఉదయాలు ఉన్నాయో ఇప్పుడు తెలుస్తున్నది.

వాళ్ళమ్మ నన్ను చూడగానే పోల్చుకున్నది. "గ్యాంగుమన్ కొడుకువు కదూ?" అని ముద్దపప్పు, వంకాయ పులుసు వడ్డించింది. అన్నం తింటూ ఉండగా గని రోజులు చెప్పింది. "గిన్నెలు వాటంతట అవే గలగలమంటే లోపల రాయి పేలిందని తెలిసేది. ఉన్నపళంగా అందరం గని గేటుకాడికి పరుగు. మన మనిషి కేజీలో పైకి వచ్చిందాకా ఊపిరి ఆడదు. మూడుపూటలా కూత కూసేది. ఆ కూతను బట్టే ఎసరు పెట్టేదాన్ని. గని మూసిన మర్నాడు కూత లేదు. ఎప్పుడు వండాలో తెలియక పొయ్యికాడ అట్లే కూర్చున్నా." ఇప్పుడు రైలుకూతను బట్టి వండుతున్నదట.

దేవుని పటం దగ్గరనుంచి ఒక బిళ్ళ తెచ్చి చూపించింది. గనిలోకి దిగేటప్పుడు హాజరుకు ఇచ్చే ఇత్తడి బిళ్ళ, అంకె చెక్కి ఉన్నది. పసుపు కుంకుమ పెట్టి ఉంచింది. అరచేతిలో పెట్టుకుంటే బరువుగానే ఉన్నది. నేను చిన్ననాడు అడిగిన "ఎంత దాచినావు?" అన్న ప్రశ్నకు జవాబు ఆనాడు దొరికింది.

ఇక ఆగలేక జేబులోనుంచి కవరు తీసి ఆమె ముందు పెట్టినాను. "అమ్మా, పదవ తరగతి ఫీజు. మామయ్య ఇచ్చినది. ఇన్నేళ్ళు ఇవ్వలేదు" అన్నాను. తల్లీకొడుకులు ఒకరినొకరు చూచుకున్నారు. మిత్రుడు, "మామ ఇచ్చినాడని అబద్ధం చెప్పినా. ఆయనకు తెలియనే తెలియదు. మా నాయన ఇచ్చినాడు. మిల్లులో జీతం ముందుగా అడిగి తెచ్చినాడు. ఆయనదంటే నువ్వు తీసుకోవని" అన్నాడు.

నాకు అన్నం గొంతులో అడ్డుపడింది. ఆమె మంచినీళ్ళు అందిస్తూ, "నేను చదువు లేక గనిలోకి దిగితిని, ఆ పిల్లోడు ఫీజు లేక బడిమాన్తే ఎట్లా అన్నాడప్పా ఆయన" అన్నది. నేను గుమాస్తా పరీక్ష వ్రాయగలిగినదీ, ఈనాడు మీముందు నిలబడినదీ ఆ పదవ తరగతి బలంతోనే. ఏ మనిషి చేతులు చూచి నవ్వినానో, ఆ చేతులే నాకు ఫీజు కట్టినాయి. ఆయన పోయినప్పుడు నేను గడప తొక్కలేదు.

కవరు ఎంత బతిమాలినా ఆమె ముట్టలేదు. "బాకీ తీరిపోతే నువ్వు మళ్ళీ ఇరవై ఏళ్ళు కనపడవు. ఉండనీ. పండక్కి నీ పిల్లోళ్ళను, కోడల్ని తీసుకురా" అన్నది.

సాయంత్రం మిత్రుడు నన్ను ఆ కొండలవైపు తీసుకుపోయినాడు. అవి కొండలు కావు, దిబ్బలు. రాతిని పిండిచేసి, సైనైడు నీళ్ళలో బంగారం కరిగించి తీసిన తరువాత మిగిలిన బూడిదరంగు పొడిని నూరేళ్ళకు పైగా పోసిపోసి కొండలు చేసినారు. మూడు కోట్ల టన్నులకు పైనే ఉంటుందంటారు. గాలికాలంలో ఆ దుమ్ము ఇళ్ళమీద పడుతుంది, మొక్క మొలవదు. కొందరు కుర్రవాళ్ళు సినిమా హీరోలాగా నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఉదయమైతే నేనూ తీసుకునేవాణ్ణి. అప్పుడు మనసొప్పలేదు. ఆ దిబ్బలో పిడికెడు మా మిత్రుని నాయన పైకి పంపినదే.

"ఏమప్పా, ఊరు చూచినావా?" అన్నాడు మిత్రుడు. "చూచినాను. 'బంగారం' అని పిలిచినందుకు క్షమించు" అన్నాను. "అది మానొద్దులే. అట్లా పిలిచేవాడు నువ్వొక్కడివే మిగిలినావు" అన్నాడు. ఇద్దరం స్టేషనుదాకా నడిచినాము.

అయ్యలారా, అమ్మలారా, ఇది నా సొంతగోడు అనుకోకండి. మనలో చాలామందిమి రైల్వేలోను, 1964లో ఏర్పడిన బి.ఇ.ఎం.ఎల్. కర్మాగారంలోను, బ్యాంకులలోను, బడులలోను ఉద్యోగాలరీత్యా వచ్చినవాళ్ళం. బదిలీ వస్తే పోయేవాళ్ళం. మనకంటే మూడు నాలుగు తరాల ముందే మన భాషవాళ్ళు ఇక్కడికి వచ్చినారు. భూమి అడుగుకు దిగినారు. వాళ్ళు పెట్టిన అంగళ్ళలో మనం సరుకులు కొంటున్నాము. వాళ్ళకోసం వేసిన రైలులో మనం తిరుగుతున్నాము. అటువంటివాళ్ళను మన ఉగాదికి ఎన్నిసార్లు పిలిచినాము? పిలిస్తే చందా అడుగుతామని వాళ్ళు, అంతస్తు కలవదని మనం, ఎవరి వీధిలో వాళ్ళం ఉండిపోయినాము. నేను హిందూపురంలో వాళ్ళ వీధి తప్పించుకు తిరిగినట్టే.

కాబట్టి రెండు మనవులు. ఒకటి, ఏటా ఒక ఆదివారం మన పిల్లలను లైన్లకు తీసుకుపోయి, గనిలో దిగిన పెద్దమనిషి ఒకరిచేత ఊరు చూపించుదాం. గని మూతపడినప్పుడు నలభై ఏళ్ళున్నవారికి ఇప్పుడు అరవై దాటినాయి. ఆలస్యం చేస్తే చెప్పేవారుండరు. రెండవది, వచ్చే సంవత్సరం సంచికలో వాళ్ళ మాటలు వాళ్ళ తెలుగులోనే అచ్చువేద్దాం. వ్రాసుకొచ్చే పని నాది. అచ్చుఖర్చుకు నా వంతు ఆ కవరు కార్యదర్శిగారికి అప్పగిస్తున్నాను.

అమ్మగారి దగ్గర నా బాకీ మాత్రం అట్లాగే ఉన్నది. ఈ పండుగకు ఆమె, మిత్రుడు, వాడి పిల్లలు మన సభకు వచ్చినారు. మూడవ వరుసలో కూర్చున్నారు. పేరు చెప్పవద్దన్నాడుగనుక చెప్పలేదు. ఉగాదిపచ్చడి మీరందరూ తిన్న తరువాత, దయచేసి వాళ్ళను ఒక్కసారి పలకరించి పోండి.